ఇంటర్‌డిసిప్లినరీ హ్యుమానిటీస్ డిగ్రీ: చేరేముందు, చేరాక

సందేహం: ఈ మధ్యే అమెరికా వచ్చాం. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి భార్య/భర్త, పిల్లలకిచ్చే వీసా) మీద ఉన్న మా అమ్మాయి చరిత్ర, సాహిత్యం, పర్యావరణం కలిపి చదివే ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీలో చేరతానంటోంది. ఆ చదువు ఎలా ఉంటుంది? ముందే ఏం చూసుకోవాలి?

జవాబు: చదవదగ్గ చదువే, నిరభ్యంతరంగా చేర్పించండి. అయితే కంప్యూటర్ సైన్స్‌లో ఏ సెమిస్టర్‌కి ఏ కోర్సో డిపార్ట్‌మెంటే నిర్ణయించి చేతికిస్తుంది. ఇక్కడ ఆ ప్లాన్‌లో ఎక్కువ భాగం అమ్మాయే వేసుకోవాలి. ఈ డిగ్రీ బాగా కుదిరినా, చెడినా అక్కడే.

ముందు లెక్క చూడండి. నాలుగేళ్ల డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు, కోర్సుకి 3 చొప్పున 40 కోర్సులు. జనరల్ ఎడ్యుకేషన్, ఇష్టమొచ్చిన ఎలెక్టివ్‌లు పోగా మేజర్‌కి మిగిలేవి సుమారు 12 నుంచి 15. వాటిని ఎలా పంచాలన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో రెండు కాన్సంట్రేషన్లు (ప్రత్యేకంగా చదివే విభాగాలు) ఎంచుకోవాలి. న్యూయార్క్ యూనివర్సిటీ గాలటిన్ స్కూల్‌లో మొత్తం ప్లాన్ విద్యార్థిదే. చివర్లో తనే ఎంచుకున్న 20-25 పుస్తకాల మీద ప్రొఫెసర్ల ముందు కూర్చుని మాట్లాడాలి. చేరబోయే యూనివర్సిటీ కేటలాగ్‌లో మేజర్ కోర్సుల్ని ఎలా పంచాలో చెప్పే పేజీ ఒక్కటైనా మీరిద్దరూ కలిసి చదవండి.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. వేరే డిపార్ట్‌మెంట్లలో పై కోర్సులకి ప్రీ-రిక్విజిట్‌లు (ముందే పూర్తిచేసి ఉండాల్సిన కోర్సులు) అడ్డొస్తాయి కాబట్టి, పిల్లలు సులువుగా సీటు దొరికే 100 స్థాయి (ప్రారంభ స్థాయి) కోర్సులు పోగేస్తారు. నాలుగు శాఖల్లో పరిచయ పాఠాలు వింటారు గానీ, ఏ ఒక్కదాని పనితీరూ పట్టుబడదు. పైగా చాలాచోట్ల డిగ్రీకి 40 వరకు క్రెడిట్లు 300, 400 స్థాయివి, అంటే పైస్థాయివి ఉండాలి. ఆ సంగతి మూడో ఏడు చివర బయటపడితే ఒక సెమిస్టర్ ఫీజు అదనంగా పడుతుంది. మెథడ్స్ కోర్సులు (ఆ శాఖలో పరిశోధన ఎలా చేస్తారో నేర్పేవి) కొన్ని ఏడాదికి ఒక్కసారే, ఫాల్‌లోనో స్ప్రింగ్‌లోనో పెడతారు. కాబట్టి రెండో ఏడాది ముగిసేలోపే ఒక శాఖని ఇల్లుగా చేసుకోమనండి. అందులో మెథడ్స్ కోర్సు ఒకటి, పైస్థాయివి కనీసం నాలుగు తీసుకోవాలి. మిగతా శాఖలు దానికి తోడు. "సీటు నిండింది" అని పోర్టల్ చూపించినా, ఎందుకు కావాలో నాలుగు వాక్యాల్లో ప్రొఫెసర్‌కి రాస్తే చాలాసార్లు పర్మిషన్ కోడ్ ఇస్తారు.

కోర్సుల్ని కలిపి ఉంచేది ప్రశ్న. "చరిత్ర, సాహిత్యం, పర్యావరణం" అనేది ప్రశ్న కాదు, పట్టిక. ఉదాహరణకి 1832-33 నందన కరువు తర్వాత గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. "ఆనకట్ట వచ్చాక డెల్టాలో నీటి మీద పెత్తనం ఎవరి చేతుల్లోకి వెళ్లింది?" అని అడిగితే అది ప్రశ్న. దానికి మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీర్ల నివేదికలు చరిత్ర పద్ధతిలో చదవాలి, కాలువల మ్యాపులు భూగోళశాస్త్రం దగ్గర నేర్చుకోవాలి, కాలువలో నీళ్లొచ్చిన సంగతి పాటల్లో, కథల్లో ఎలా నిలిచిందో సాహిత్యంలో చూడాలి. ఏ శాఖ ఎందుకు కావాలో ప్రశ్నే చెబుతుంది. తెలుగు చదవడం వచ్చిన పిల్లకి ఇక్కడ పెద్ద బలం ఉంది. క్లాసులో మిగతావాళ్లు అనువాదాల మీద ఆధారపడే చోట తను మూలమే చదవగలదు. విదేశీ భాష రిక్వైర్‌మెంట్ ఉంటే తెలుగు ప్రొఫిషియెన్సీ పరీక్షతో మినహాయింపు ఇస్తారేమో లాంగ్వేజ్ డిపార్ట్‌మెంట్‌ని చేరిన వెంటనే అడగండి.

చదివే బరువు సంగతి. పైస్థాయి కోర్సు ఒక్కోదానికి వారానికి వంద పేజీలు దాటడం మామూలే. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకే వేగంతో చదివితే నాలుగు కోర్సులు నడవవు. ముప్ఫై పేజీల వ్యాసమైతే ముందు మొదటి రెండు పేజీలు, చివరి రెండు, మధ్యలో ఉపశీర్షికలు. అప్పుడు రచయిత వాదన ఏమిటి, సాక్ష్యం ఏమిటి, ఎవరితో విభేదిస్తున్నారు, నా ప్రశ్నకి ఏం పనికొస్తుంది అని నాలుగు వాక్యాలు రాసుకుని, ఆ తర్వాత లోపలికి వెళ్లాలి. ఆ నోట్సు, రిఫరెన్సు కలిపి జొటేరో అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు, అది ఉచితం.

పేపర్లలో మన పిల్లలకి మార్కులు పోయేది ఇంగ్లిష్ వల్ల కాదు. తెలిసినదంతా రాయాలన్న పరీక్షల అలవాటు వల్ల. ఇక్కడ పన్నెండు పేజీల్లో ఒక్క వాదన నిలబెట్టాలి. మొదటి పేజీలో ఆ వాదన కనిపించకపోతే "ఇది సమ్మరీ" అని తిరిగొస్తుంది. ఇంకోటి, రిఫరెన్సులు రాసే పద్ధతి. చరిత్రవాళ్లు ఎక్కువగా చికాగో స్టైల్, సాహిత్యంవాళ్లు ఎంఎల్‌ఏ, సోషల్ సైన్సెస్‌లో చాలామంది ఏపీఏ అడుగుతారు. ఒకే వారంలో మూడు పేపర్లు రాసే పిల్ల ఇవి కలిపేస్తే అజాగ్రత్త కింద లెక్కేస్తారు. సిలబస్ చేతికి రాగానే పేపర్ ఏ స్టైల్‌లో కావాలో గుర్తు పెట్టుకోవాలి.

క్యాప్‌స్టోన్‌కి (చివరి ఏడాది చేసే పెద్ద ప్రాజెక్టుకి) రెండు శాఖల ప్రొఫెసర్లు కావాల్సి వస్తే మూడో ఏడు స్ప్రింగ్‌లోనే అడగాలి. నాలుగో ఏడు వాళ్లలో ఎవరైనా సబాటికల్ (పరిశోధన కోసం తీసుకునే దీర్ఘ సెలవు) మీద వెళ్తున్నారేమో కూడా మొహమాటపడకుండా అడగాలి. మన ఊళ్లలో పెద్దవాళ్లని ఇంటర్వ్యూ చేస్తానంటే ముందు ఐఆర్‌బీ (మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ) ఆఫీసుని కలవాలి. ఓరల్ హిస్టరీకి (మనుషుల జ్ఞాపకాలు అడిగి రికార్డు చేసే చరిత్రకి) తరచూ అనుమతి అక్కర్లేదంటారు గానీ, ఆ మాట ఈమెయిల్‌లో తీసుకోవాలి. అనుమతి అవసరమై, అది రాకముందే చేసిన ఇంటర్వ్యూలు థీసిస్‌లో వాడనివ్వరు. వేసవిలో ఇండియా టికెట్ కొన్నాక ఇది తెలిస్తే ప్రయాణం వృథా.

ఇక ఇమ్మిగ్రేషన్ స్టేటస్. హెచ్-4 మీద చదువుకోవచ్చు కానీ జీతం తీసుకోకూడదు. ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్ పని, పెయిడ్ ఇంటర్న్‌షిప్ రెండూ కుదరవు. 21 ఏళ్లు నిండేలోపు ఎఫ్-1కో (విద్యార్థి వీసా) మరో స్టేటస్‌కో మారాలి. ఎఫ్-1 అయితే సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒకటికి మించి లెక్కకు రాదు.

ఎఫ్-1 విద్యార్థికి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద మేజర్ పక్కన ఆరంకెల సీఐపీ కోడ్ (చదివే సబ్జెక్టుని తెలిపే కోడ్) ఉంటుంది. జనరల్ హ్యుమానిటీస్ కోడ్ 24తో మొదలవుతుంది, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కాదు. డిగ్రీ తర్వాత ఓపీటీ (ఎఫ్-1 మీద చదివినవాళ్లు తమ రంగంలో పనిచేసే అనుమతి) 12 నెలలే, పైన 24 నెలల పొడిగింపు రాదు. స్టెమ్ సబ్జెక్టు రెండో మేజర్‌గా ఉంటే పొడిగింపుకి పనికొస్తుంది. మైనర్‌గా ఉంటే పనికిరాదు. అమ్మాయికి డేటా మీదో స్టాటిస్టిక్స్ మీదో నిజంగా ఆసక్తి ఉంటే డబుల్ మేజర్ గురించి మొదటి ఏడాదే డీఎస్‌ఓతో (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల స్టేటస్ వ్యవహారాలు చూసే అధికారి) మాట్లాడండి. వీసా కోసమే బలవంతంగా తగిలించకండి, రెండిట్లోనూ జీపీఏ పడిపోతుంది.

ఓపీటీ ఉద్యోగానికి మేజర్‌తో సంబంధం ఏమిటో రాసి చూపాలి. తర్వాత హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దగ్గర కూడా ప్రత్యేకత లేని జనరల్ డిగ్రీ సరిపోదు, చేసే పనికి చదువుతో నేరుగా సంబంధం ఉండాలి. అందుకే "ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్" అన్న మాట ఒక్కటే కాకుండా కాన్సంట్రేషన్ల పేర్లు ట్రాన్‌స్క్రిప్ట్ మీద వస్తాయా అని రిజిస్ట్రార్‌ని అడగండి. ప్రతి సెమిస్టర్ సిలబస్‌లన్నీ పీడీఎఫ్‌గా దాచమనండి. కోర్సు అయిపోయాక క్లాసు పోర్టల్ మూసేస్తారు, నాలుగేళ్ల తర్వాత ఇమ్మిగ్రేషన్ లాయర్ అడిగినప్పుడు అవి మళ్లీ సంపాదించడం చాలా కష్టం.