చర్మం బిగువు కోసం నిమ్మకాయను పప్పులో పిండుకోండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పొదలకూరు దగ్గర పల్లె మాది. రోజంతా మా నిమ్మతోటలోనే ఉంటాను. ఏడాదిగా చెంపలు వదులయ్యాయి, మెడ ముడతలు పడింది. కొలాజెన్ పొడి తాగమని మా అమ్మాయి అంటోంది. మేం శాకాహారులం. కూరగాయల్లో కొలాజెన్ ఉంటుందా? నిమ్మచెక్కతో ముఖం రుద్దుకుంటుంటే నల్లమచ్చలు వస్తున్నాయి, ఎందుకు?
– ఒక సోదరి, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు ఆ రుద్దుకోవడం ఈ రోజే మానేయండమ్మా. నిమ్మరసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం కాలినట్టు కమిలి నల్లబడుతుంది. కాయలు కోసేటప్పుడు చేతులకు రసం అంటినా వెంటనే సబ్బుతో కడిగేసుకోండి. పడిన మచ్చలు తగ్గడానికి నెలలు పడుతుంది.

కొలాజెన్ జంతువుల ఒంట్లో తయారయ్యే ప్రొటీన్. ఏ కాయలోనూ, ఏ ఆకులోనూ ఉండదు. అమ్మే పొడులు ఎక్కువగా చేపల నుంచి, పశువుల చర్మం, ఎముకల నుంచి తీసినవే. కొనేముందు డబ్బా మీద చదవండి. నన్నడిగితే ఆ ఖర్చే అక్కర్లేదు. కొలాజెన్‌ను మన ఒళ్లే అల్లుకుంటుంది, సరుకు మనం అందిస్తే చాలు. కందిపప్పు, పెసలు, శనగలు, వేరుశనగల నుంచి ప్రొటీన్ వస్తుంది. కొలాజెన్ పోగులు గట్టిపడాలంటే విటమిన్ సి ఉండి తీరాలి. వాటిని ఒకదానికొకటి ముడివేసే ఎంజైముకు రాగి కావాలి, అది నువ్వుల్లో బాగా ఉంది.

మీ వయసు ఆడవాళ్లకు విటమిన్ సి రోజుకు 65 మిల్లీగ్రాములు కావాలి. ఒక్క జామకాయ తిన్నా అంతకు మించే వస్తుంది. ఉసిరికాయ సంగతి చెప్పనక్కర్లేదు. నిమ్మకాయకైతే మీకు కొదవేముంది! కాకపోతే వేడికి ఈ విటమిన్ నశిస్తుంది. అందుకే పప్పు దించి, కంచంలో వడ్డించుకున్నాక పిండుకోండి. పప్పులోని ఇనుమూ బాగా వంటబడుతుంది. తోటకూర, మునగాకు కాస్త నూనెతో వండుకోండి, వాటిలోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే నూనె ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పప్పుల మోతాదు తమ డాక్టరునే అడగాలి.

పడిన ముడతలు తిండితో పోతాయని నేను చెప్పలేను. నెలసరి ఆగిన మొదటి ఐదేళ్లలో చర్మంలోని కొలాజెన్ దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. దానికి తోడు తోటలో ఎండ. పెద్ద అంచున్న టోపీ పెట్టుకోండి, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ మెడకూ రాయండి. కోత పని పొద్దున పది లోపే ముగించుకోండి, రోహిణి ఎండల్లో మరీనూ.

ఏడాదిలోనే ఇంత మార్పు అంటున్నారు. ఈ మధ్య బరువు కూడా తగ్గి ఉంటే షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని రిపోర్టులు దగ్గర్లోని డాక్టరుకు చూపించండి.