ప్రవచనం నెరవేరింది, ఇప్పుడు కానుక అడుగుతున్నారు: సమాధానం

తమ్ముడికి ఉద్యోగం వస్తుందని ఒక ప్రవక్త చెప్పాడు, వచ్చింది; ఇరవై వేలు కానుక పంపకపోతే ఆ ఉద్యోగం పోతుందని ఇప్పుడు ఆయనే అంటున్నాడని మీరు అడిగారు. చిక్కు ఒక్కచోటే ఉంది: జరిగింది కాబట్టి దేవుడే చెప్పాడనుకోవడం. ఆ ప్రవక్త మొదటి మాట నిజమైంది సరే. ఈ రెండో మాటా నిజమవుతుందేమోనని మీ టెన్షన్.

1. బైబిల్లో ద్వితీయోపదేశకాండం 18:22 అందరికీ తెలుసు: జరగని మాట యెహోవా చెప్పింది కాదు. చాలామంది వదిలేసేది అదే గ్రంథంలో 13:1-3. సూచన జరిగినా సరే, చెప్పినవాడు మిమ్మల్ని వేరే దేవతల వైపు తిప్పితే వినొద్దని అక్కడ ఉంది. అంటే జరగడం ఒక్కటే రుజువు కాదు. మాట ఎటు నడిపిస్తోందో చూడాలి. ఇది ఈ రాత్రే చదవండి. వాట్సాప్‌లో వచ్చే వచనం ఫొటో కాదు, బైబిల్ తెరిచి ఆ అధ్యాయమంతా.

2. తర్వాత అపొస్తలుల కార్యములు 16:16-18. ఫిలిప్పీ పట్టణంలో సోదె చెప్పే అమ్మాయి అపొస్తలుడైన పౌలు గురించి అన్నది నిజమే. అయినా ఆమెతో సోదె చెప్పించే ఆత్మను పౌలు వెళ్లగొట్టాడు. ఆ సోదెతో ఆమె యజమానులు బాగా లాభం గడించేవారు, అది గమనించండి.

3. డబ్బు పంపకండి. ఆయన మెసేజ్‌లు చెరపకుండా మీ సంఘ కాపరికి చూపించండి. మీ తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి.