గోదావరి స్టేషన్ బాగుపడాలంటే ముందు బళ్లు ఆగాలి

రాజమండ్రిలో పుష్కర ఘాట్ వైపున్న గోదావరి స్టేషన్ అంత పాతది కదా, ఎందుకలా వెలవెలబోయింది, 2027 పుష్కరాల పుణ్యమా అని మళ్లీ కళకళలాడుతుందా అని మీరు నాకు రాశారు. కళకళలాడుతుందనే నా నమ్మకం. అయితే గోడలకు రంగులేసి, ముందు ఒక ఆర్చి కట్టి, లైట్లు పెట్టినంత మాత్రాన ఆ పని జరగదు. బళ్లు ఆగాలి. జనానికి పనికొచ్చే వేళకి ఆగాలి. నేను రాజమండ్రి ఇన్నీసుపేటలో పెరిగాను, గోదావరి అవతలి గట్టున ఉన్న కొవ్వూరులో చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. సీజన్ టికెట్ జేబులో పెట్టుకుని రోజూ ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

ఊళ్లో అంత పెద్ద రాజమండ్రి స్టేషన్ ఉండగా, రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఇంకొకటి ఎందుకని చాలామంది కుర్రవాళ్లు అడుగుతుంటారు. దానికి జవాబు నదిలో ఉంది. 1890ల్లో తూర్పు తీరం వెంట రైలు మార్గం వేసినప్పుడు బెజవాడ వైపు నుంచి వచ్చిన పట్టాలు కొవ్వూరు గట్టు మీద ఆగిపోయాయి. వాల్తేరు వైపు నుంచి వచ్చినవి రాజమండ్రిలో ఆగిపోయాయి. మధ్యలో గోదావరి. అవతల దిగినవాళ్లు నది దాటి ఇవతల ఇంకో బండి ఎక్కాల్సిందే. ఆ లోటు తీర్చడానికి 1897 నవంబరులో వంతెన పని మొదలుపెట్టి 1900 ఆగస్టుకి రైళ్లు నడిపేశారు. మూడేళ్లు కూడా పట్టలేదు. మన గోదావరి వరద ఎలాంటిదో తెలిసినవాళ్లకి అదెంత పెద్ద పనో నేను చెప్పక్కర్లేదు. 56 స్పాన్లు, రాతి స్తంభాలు, పైన ఇనుప గర్డర్లు. కట్టించిన ఇంజనీరు వాల్టన్ అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టించినవాడు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు మీద దీన్ని హేవలాక్ బ్రిడ్జి అన్నారు. మనకి మాత్రం పాత బ్రిడ్జి.

కొవ్వూరు వైపు నుంచి వచ్చిన బండి బ్రిడ్జి దిగగానే తగిలేది గోదావరి స్టేషన్. పాత ఊరంతా దానికి దగ్గర. కోటగుమ్మం, మెయిన్ రోడ్డు, మార్కండేయస్వామి గుడి, పుష్కర ఘాట్ అన్నీ ఈ వైపే. బంగారం కొనేవాళ్లు, పెళ్లి బట్టలకొచ్చేవాళ్లు, అస్థికలు కలపడానికి వచ్చేవాళ్లు, కోర్టు పనుల మీద వచ్చేవాళ్లు ఇక్కడ దిగి నడిచి వెళ్లిపోయేవారు. పెద్ద స్టేషన్‌లో దిగితే మళ్లీ రిక్షా డబ్బులు.

పొద్దున్న ప్యాసింజర్ వచ్చే వేళకి ప్లాట్‌ఫాం ఎలా ఉండేదో నా కళ్లకి కట్టినట్టుంది. కొవ్వూరు వైపు లంకల నుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్లు తలుపు దగ్గరే కూర్చునేవారు. వంకాయలు, దొండకాయలు, ఆనపకాయలు, తోటకూర కట్టలు. కూర వాడిపోకుండా పైన తడి గోనె కప్పి ఉండేది. బండి పూర్తిగా ఆగకముందే ఒకామె దిగిపోయేది. లోపలున్న ఆమె తట్ట అంచుకి జరిపితే కిందున్న ఆమె తలమీది చుట్టకుదురు సర్దుకుని దాన్ని ఎత్తుకునేది. గోనె నుంచి కారిన నీళ్లు మెడ మీదుగా జాకెట్టు తడిపేసేవి. పట్టించుకునేది కాదు. రెండో తట్టకి చెయ్యి అందించమని పక్కన ఎవరుంటే వాళ్లని పిలిచేది. "బాబూ, ఓ చెయ్యెయ్యి నాయనా" అంటే ఆఫీసుకి ఇస్త్రీ చొక్కా వేసుకెళ్లే గుమస్తా అయినా సరే చెయ్యి వెయ్యాల్సిందే. ఇదంతా బండి ఆగే ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే. బుకింగ్ కిటికీ దగ్గర అట్ట టికెట్టు మీద తేదీ వేసే మిషను టకటకమంటూనే ఉండేది.

ఇక ఎందుకు పడిపోయిందీ అంటే, అందరూ పెద్ద స్టేషన్ పక్కనే ఉండడమో, రైల్వే నిర్లక్ష్యమో అంటారు. నా లెక్కలో మొదటి దెబ్బ 1974లోనే పడింది. ఆ ఏడు రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చింది. కింద రైళ్లు, పైన బస్సులు. అంతకుముందు కొవ్వూరు నుంచి ఇవతలికి రావాలంటే రైలో, పడవో, లాంచీయో. ఆ తర్వాత ఆర్టీసీ బస్సు, ఇంకొన్నాళ్లకి షేర్ ఆటో. బండి టైముకి మనం వెళ్లాలి, ఆటో అయితే మన గుమ్మం ముందుకే వస్తుంది. రైలు టికెట్ ఎంత చవకైనా ఈ సౌకర్యం ముందు నిలవలేకపోయింది. ఊరికి ఆ వంతెన చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఈ చిన్న స్టేషన్‌కి రోజువారీ జనాన్ని తగ్గించింది కూడా అదే.

తర్వాత 1997. నది మీద మూడో రైలు వంతెన, ఆర్చి బ్రిడ్జి, తయారవడంతో పాత బ్రిడ్జి మీద రైళ్లు ఆపేశారు. దాదాపు వందేళ్లు మోసిన వంతెన. అలా ఆపడం సబబే, అంత పాత గర్డర్ల మీద ఇప్పటి బరువు, ఇప్పటి వేగం కుదరదు. పట్టాలు కొత్త వంతెనల మీదకి మారినా బళ్లు స్టేషన్ ముందునుంచే పోతున్నాయి. ఆగడం మాత్రం తగ్గుతూ వచ్చింది. హౌరా, చెన్నై మెయిన్ లైను ఇది. గూడ్సులు, సూపర్ ఫాస్టులు వెనకాలే తరుముతుంటాయి. పక్కనే పెద్ద స్టేషన్ పెట్టుకుని ఇక్కడ ఎక్స్‌ప్రెస్ ఆపమంటే రైల్వే ఒప్పుకోదు, నేనైనా ఒప్పుకోను. అందుకని మనం అడగాల్సింది ఎక్స్‌ప్రెస్‌ల గురించి కానే కాదు.

అసలు కోలుకోలేని దెబ్బ కరోనా. లాక్‌డౌన్‌లో బళ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి వచ్చినప్పుడు చాలా ప్యాసింజర్లకి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు తగిలించి, పది రూపాయల కనీస ఛార్జీ ముప్ఫై చేశారు. దేశమంతా అదే తీరు. 2024 ఫిబ్రవరి ఆఖరులో గానీ మళ్లీ పది రూపాయలు కాలేదు. ఈ నాలుగేళ్లలో రోజూ రైలెక్కే చిన్న వ్యాపారాలవాళ్లు, తట్టలవాళ్లు, కాలేజీ పిల్లలు వేరే దారులు చూసుకున్నారు. కొందరు మోటారు సైకిల్ కొనుక్కున్నారు, కొందరు ఆటో మాట్లాడుకున్నారు, కొందరు వ్యాపారమే మానేశారు. ఛార్జీ తగ్గించినంత తేలిగ్గా ఆ అలవాటు వెనక్కి రాదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. స్టేషన్‌లో దీపం వెలుగుతూనే ఉంది, కొన్ని బళ్లు ఇప్పటికీ ఆగుతున్నాయి, కానీ దాని మీద ఆధారపడి రోజు గడుపుకునే మనుషులు చెదిరిపోయారు.

మరి ఆశ ఎక్కడుందంటే, మూడు కారణాలు కనిపిస్తున్నాయి. వాటిలో జనం అసలు మాట్లాడనిదే నాకు అన్నిటికంటే పెద్దదిగా అనిపిస్తుంది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చారు కదండీ. అప్పటిదాకా కొవ్వూరు, నిడదవోలు పశ్చిమ గోదావరిలో ఉండేవి, కలెక్టరు పని పడితే ఏలూరు పోయేవారు. ఇప్పుడవి తూర్పు గోదావరిలో ఉన్నాయి. జిల్లా కేంద్రం రాజమండ్రి. అంటే నది అవతలివాళ్లకి కలెక్టరేటు ఇవతలికి వచ్చింది. ఆసుపత్రులు, కాలేజీలు, తాడితోట బట్టల మార్కెట్ ఎలాగూ ఇక్కడే. నిడదవోలు జంక్షన్ అయితే భీమవరం, నరసాపురం లైనుకి తలుపు లాంటిది. ఆ లైను డబ్లింగ్, విద్యుదీకరణ కూడా అయిపోయాయి. భీమవరం వైపు నుంచి నిడదవోలు, కొవ్వూరు మీదుగా వచ్చి గోదావరి, రాజమండ్రి, కడియం, ద్వారపూడి, అనపర్తి, సామర్లకోట, కాకినాడ దాకా అన్ని స్టేషన్లలో ఆగే మెమూ (కరెంటు లోకల్ బండి) పొద్దున్న ఆఫీసు వేళకి ఒకటి, సాయంత్రం ఒకటి పెడితే డెల్టాలో సగం ఊళ్లు ఒకే తాడు మీదకి వస్తాయి. మెమూకి విడిగా ఇంజను ఉండదు, మోటార్లు పెట్టెల్లోనే ఉంటాయి, ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు. కాబట్టి ఒక్క నిమిషం ఆపితే మెయిన్ లైను స్తంభించిపోతుందనే వాదన మెమూ విషయంలో నిలవదు.

రెండోది పాత బ్రిడ్జి. 2025 జూన్‌లో అఖండ గోదావరి పేరుతో సుమారు 94 కోట్ల ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు. పుష్కర ఘాట్ అభివృద్ధి, హేవలాక్ బ్రిడ్జిని జనం నడిచి చూసేలా తీర్చిదిద్దడం అందులో ఉన్నాయి. మంచిదే. కానీ చూడ్డానికి వచ్చేవాళ్లంతా కార్లలో వస్తే కోటగుమ్మం సెంటర్లో ఇప్పుడే లేని చోటు అప్పుడెక్కడ దొరుకుతుంది? ఆ బ్రిడ్జికి వెళ్లడానికి గోదావరి స్టేషన్ కంటే సరైన దారి ఏముంది? స్టేషన్ నుంచి బ్రిడ్జికి, ఘాట్‌కి చక్కని కాలిబాట ఒకటి, నీడకి నాలుగు చెట్లు, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు. ఇవి చాలు. పాత కట్టడాన్ని పడగొట్టి గాజు అద్దాల భవనం కట్టకుండా ఉంటే ఇంకా మేలు.

మూడోది పుష్కరాలు, 2027 జూన్ ఆఖరులో మొదలవుతాయి. ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. 2015లో మొదటి రోజే, జూలై 14న, పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. ఆ ఘాట్‌కి ఇంత దగ్గరున్న స్టేషన్‌లో వేలమందిని ఒక్కసారి దింపితే మళ్లీ ప్రమాదమే. ఆ పన్నెండు రోజులూ వచ్చే బళ్లని కొవ్వూరు, గోదావరి, రాజమండ్రి, కడియం స్టేషన్లకి పంచాలి. కొవ్వూరులో దిగినవాళ్లు గోష్పాద క్షేత్రంలో స్నానం చేసి అటునుంచి అటే వెళ్లిపోవచ్చు. గోదావరి స్టేషన్‌లో దిగేవాళ్లకి లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి, వెడల్పాటి పాదచారుల వంతెన ఉండాలి. దానికి డబ్బు పెట్టడానికి పుష్కరాలకి మించిన అదను రాదు. పుష్కరాల్లో కట్టిన వంతెన, ప్లాట్‌ఫాం ఆ తర్వాత పన్నెండేళ్లు రోజువారీ జనానికి ఉపయోగపడతాయి, ఆగే బళ్లు ఉంటే.

మీరు స్నేహితులతో కలిసి వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నామని కూడా రాశారు. ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. దాంట్లో "చారిత్రక స్టేషన్‌ని కాపాడాలి" అని మాత్రమే రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. ఏ బండి, ఏ దిక్కుకి, ఎన్ని గంటలకి ఆగాలో పేరూ నంబరుతో సహా రాయండి. కొవ్వూరు, నిడదవోలు నుంచి రోజూ వచ్చే ఉద్యోగుల, విద్యార్థుల సంతకాలు ఎక్కువ ఉండేలా చూడండి, ఎందుకంటే ఆ బండి ఎక్కేది వాళ్లు. రాజమండ్రి, కొవ్వూరు, నిడదవోలు మూడూ ఒకే లోక్‌సభ నియోజకవర్గం కాబట్టి ఎంపీ గారికి ఒక ప్రతి ఇవ్వండి. ఇంకో ప్రతి విజయవాడ డివిజన్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆగే బళ్లకి టికెట్టు మాత్రం గోదావరి స్టేషన్ పేరు మీదే కొనమని అందరికీ చెప్పండి. పెద్ద స్టేషన్ దాకా టికెట్టు తీసుకుని ఇక్కడ దిగిపోతే ఆ ప్రయాణికుడు ఈ స్టేషన్ లెక్కలోకి రాడు, రేపు స్టాపు ఎత్తేయడానికి ఆ లెక్కే చూపిస్తారు. సంతకాలు సేకరించే రోజు చెప్పండి, కొవ్వూరు వైపు పని నేను చూసుకుంటాను.