కుక్కర్ పేలితే తప్పంతా వాడినవారిదేనా?

కుక్కర్ పేలి మీ అమ్మగారి చేయి కాలిందని, బయట కొన్న గాస్కెట్ వేశారు కనుక పరిహారం ఇవ్వబోమని కంపెనీ జవాబు పంపిందని రాశారు. ఆ ఒక్క కారణంతో కేసు వీగిపోదు. ఇలాగే కుక్కర్ పేలిన మా వదినగారి కేసుకు దగ్గరుండి తిరిగినవాణ్ణి కాబట్టి ఈ మాట చెప్పగలుగుతున్నాను.

2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ వారి వాదనకు మూలం. హాని జరిగే నాటికి వస్తువును దుర్వినియోగం చేసి ఉన్నా, మార్పులు చేసి ఉన్నా దావా చెల్లదని అందులో ఉన్న మాట నిజమే కానీ, అది అమ్మకందారు విషయంలో చెప్పిన మాట. తయారీదారుకు అదే సెక్షన్ ఇచ్చిన మినహాయింపులన్నీ సరైన హెచ్చరిక ఇవ్వలేదన్న ఫిర్యాదులకు సంబంధించినవి. తయారీలోనో డిజైన్‌లోనో లోపం ఉంటే అవి అక్కరకు రావు. ఈ తేడాను కంపెనీ నోటీసులు సాధారణంగా దాటవేస్తాయి.

మా వదినగారు పప్పు గీత దాటి పోశారని, అందుకే విజిల్ గొట్టం మూసుకుపోయిందని అవతలి లాయరు వాదించారు. గొట్టంలో పప్పు ఇరుక్కున్న మాట నిజమే. అయితే మూతకున్న సేఫ్టీ వాల్వులో, వేడి మితిమీరితే కరిగి ఆవిరిని వదలాల్సిన లోహం కరగనే లేదు. గొట్టం మూసుకుపోయినప్పుడు కాపాడటానికే కదా ఆ వాల్వు పెట్టేది! అదే చట్టంలోని 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్ ఆ వాల్వును ల్యాబుకు పంపింది, లోపం బయటపడింది. చివరికి వదినగారి నిర్లక్ష్యానికి కొంత తగ్గించి, మిగతా పరిహారం తయారీదారే చెల్లించాలని ఆదేశించింది. మోటారు ప్రమాదాల కేసుల్లో కోర్టులు చేసే లెక్క లాంటిదే ఇది. గీత దాటి నింపవద్దని కుక్కర్‌తో వచ్చిన పుస్తకంలో ఉంది కాబట్టి (అది చదివేవారు ఎందరన్నది వేరే సంగతి) ఆ కోత నాకు అన్యాయమనిపించలేదు.

మీ కేసులోనూ పేలుడుకు గాస్కెట్టే కారణమని కంపెనీ చూపించాలని పట్టుబట్టండి. మూత, వాల్వు, పాత గాస్కెట్ కడగకుండా అలాగే ఉంచండి. పరీక్ష పేరుతో సర్వీస్ సెంటర్‌వారు అడిగినా ఇవ్వకండి. బిల్లు, ఆసుపత్రి కాగితాలు జతచేసి రెండేళ్ల గడువులోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి.