గత్తం తగ్గిన మడికి యూరియా సరిపోతుందా?

నేల, నీరు, తిండి: పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: జనాభా రెట్టింపులవుతూ పోతుంది, తిండి మాత్రం అంత వేగంగా పెరగదు అనే మాల్థస్ సిద్ధాంతం మాకు పాఠంగా ఉంది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు అది వర్తిస్తుందా? పరీక్షలో స్థానిక ఉదాహరణ రాయమంటే ఏం రాయాలి?
– డిగ్రీ విద్యార్థిని, చీపురుపల్లి

జవాబు: ఇంగ్లండ్ ఆర్థికవేత్త మాల్థస్ ఆ మాట అన్నది 1798లో. జనం 1, 2, 4, 8 లెక్కన, పంట 1, 2, 3, 4 లెక్కన పెరుగుతాయని, మధ్య తేడాను కరువులు, రోగాలు సరిచేస్తాయని ఆయన వాదన. ఆయన ఊహకు అందని సంగతి, గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చవచ్చన్నది. జర్మనీలో హేబర్ అనే శాస్త్రవేత్త 1909లో దాన్ని ప్రయోగశాలలో చేసి చూపించాడు. అదే దేశపు బాష్ 1913కల్లా ఫ్యాక్టరీకి ఎక్కించాడు. ఇవాళ మీ ఊరి ఎరువుల కొట్లో ఉన్న యూరియా బస్తాకు మూలం అదే. 1960ల్లో ఎరువుకు పడిపోకుండా నిలబడే పొట్టి వరి వంగడాలు తోడయ్యాక, దేశం మొత్తం మీద తిండిగింజలు జనాభా కంటే వేగంగానే పెరిగాయి.

మన జిల్లాల్లో అసలు జనాభాయే అలా పెరగలేదు. 2001 నుంచి 2011 దాకా పదేళ్లలో దేశం 17.7 శాతం పెరిగితే, శ్రీకాకుళం జిల్లా 6.52 శాతం, విజయనగరం 4.23 శాతం మాత్రమే పెరిగాయి. 2011 లెక్కల్లో శ్రీకాకుళం జనాభా 27.03 లక్షలు, విజయనగరం 23.44 లక్షలు (2022లో జిల్లాలు విడిపోకముందు హద్దుల ప్రకారం). జనాభా మార్పు అంటే పుట్టినవారిలోంచి చనిపోయినవారిని తీసేసి, వచ్చినవారిని కలిపి, వెళ్లినవారిని తీసేయడం. పాఠ్యపుస్తకాలు మొదటి రెండింటి మీదే పేజీలు నింపుతాయి. మన దగ్గర కథ నడిపించేది నాలుగోది. విశాఖ, హైదరాబాద్, చెన్నైలకు కూలి పనులకు, గుజరాత్ తీరానికి చేపల వేటకు వెళ్లేవాళ్లు మన ఊళ్లలో కొత్త కాదు. రెండు జిల్లాల్లోనూ వెయ్యి మంది మగవారికి వెయ్యి మందికి పైగా ఆడవారు లెక్కకు రావడానికి ఈ వలస ఒక కారణం. పిల్లల సంఖ్య కూడా తగ్గింది: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 ఉండాలి.

కాబట్టి పరీక్షలో ‘మా జిల్లాలో జనం ఎక్కువై తిండి చాలడం లేదు’ అని రాయకండి. ఆహార భద్రతకు 1996 రోమ్ సదస్సు నుంచి చెప్పుకుంటున్న అంశాలు నాలుగు: తిండి దొరకడం, కొనగలగడం, ఒంటికి పట్టడం, ఏటా నిలకడగా ఉండడం. రేషన్ బియ్యం మొదటి రెండింటికి సాయపడుతుంది. మన దగ్గర బెంగ పెట్టుకోవాల్సింది నాలుగో దాని గురించి, అది నేల మీద ఆధారపడింది. ఇంట్లో చేతులు తగ్గాయి, పశువులను చూసేవాళ్లు లేక అమ్మేశారు, పశువులు పోతే గత్తం (పశువుల ఎరువు) పోయింది, ఆ లోటును యూరియాతో పూడుస్తున్నారు. వలసకూ మట్టికీ ఉన్న ఈ లంకె రాస్తే మంచి ఉదాహరణ అవుతుంది. కింది రెండు ప్రశ్నలూ దాని గురించే, చదవండి.

ప్రశ్న: నా భూసార కార్డులో సేంద్రియ కర్బనం 0.38 శాతం, నత్రజని తక్కువ, భాస్వరం ఎక్కువ, పొటాష్ మధ్యస్థం అని ఉంది. ఏటా దమ్ములో డి.ఎ.పి. ఒక బస్తా వేస్తాను. అయినా నాట్లు వేసిన మూడు వారాలకు ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తున్నాయి. ఎర్ర గరప నేల.
– వరి రైతు, నరసన్నపేట

జవాబు: ముందు ఆ కార్డు మీ మడిదేనా అన్నది చూసుకోండి. భూసార కార్డుల పథకం కింద నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీశారు. అందులో మీ చెక్క ఉండొచ్చు, పక్కవాళ్లదీ ఉండొచ్చు. వేసవిలో మీరే మళ్లీ తీయండి. ఎకరాలో ఎనిమిది, పది చోట్ల పైనున్న చెత్త పక్కకు నెట్టి, ‘వి’ ఆకారంలో జానెడు లోపు, అంటే 15 సెంటీమీటర్ల గుంట తీసి, దాని ఒక గోడ మీద పైనుంచి కిందకు బొటనవేలు మందంలో మట్టి చెక్కండి. గట్ల పక్కన, చెట్ల నీడలో, గత్తం కుప్ప వేసిన చోట వద్దు. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారబోస్తూ అర కిలో మిగిలేదాకా తగ్గించి, నీడలో ఆరబెట్టండి. ఎరువుల సంచిలో మాత్రం పోయకండి, సంచికి అంటుకున్న పొడి చాలు ఫలితం తారుమారవడానికి.

ఇప్పుడు మచ్చల సంగతి. అవి జింకు లోపం లక్షణాల్లా ఉన్నాయి. భాస్వరం ఇప్పటికే ఎక్కువగా ఉన్న నేలలో ఏటా భాస్వరం ఉండే డి.ఎ.పి. వేస్తే మొక్కకు జింకు అందడం ఇంకా తగ్గుతుంది. ఈసారి మచ్చ కనిపించగానే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఎకరాకు 200 లీటర్లు పిచికారీ చేయండి. ఐదారు రోజుల తేడాతో రెండు మూడు సార్లు. పురుగు మందులో కలపకండి. వచ్చే పంటకు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేసి, భాస్వరం ఎరువుకూ దీనికీ కనీసం మూడు రోజుల ఎడం ఇవ్వండి. కలిపి వేస్తే రెండూ కలిసి నీటిలో కరగని పదార్థంగా మారతాయి. ఇది రెండు మూడు పంటలకు ఒకసారి చాలు.

ఎరువు లెక్క ఇలా వేసుకోండి. మీ ప్రాంతానికి ఎకరాకు 32 కిలోల నత్రజని, 24 భాస్వరం, 20 పొటాష్ సిఫారసు అనుకుందాం. కార్డులో ‘తక్కువ’ ఉంటే 30 శాతం పెంచుతాం, ‘ఎక్కువ’ ఉంటే 30 శాతం తగ్గిస్తాం. అంటే భాస్వరం 17 కిలోలు చాలు. డి.ఎ.పి. ఒక బస్తాలో 23 కిలోలు ఉంటుంది. దాని బదులు సూపర్ ఫాస్ఫేట్ రెండు బస్తాలు వేస్తే 16 కిలోల భాస్వరంతో పాటు సుమారు 11 కిలోల గంధకం కూడా వస్తుంది. నత్రజని 42 కిలోలు అవుతుంది: 45 కిలోల యూరియా బస్తాలు రెండు. పొటాష్‌కు 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్.

యూరియాను నిండు నీటిలో చల్లే అలవాటు మానుకుంటే సగం పని అయినట్టే. నీళ్లు తీసేసి, బురద మీద చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత నీరు పెట్టండి. మూడు దఫాలుగా పంచండి. గరప నేలలో ఒకేసారి వేసిన యూరియా వేళ్ల కిందకు దిగిపోతుంది.

ఇక సేంద్రియ కర్బనం 0.38 అన్న అంకె. 0.5 కంటే తక్కువైతే ‘తక్కువ’ కింద లెక్క. దాన్ని 0.5కు తేవడం ఒక్క ఏడాది పని కాదు. ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 9 లక్షల కిలోలు. 0.12 శాతం పెరగాలంటే వెయ్యి కిలోలకు పైగా కర్బనం నేలలో నిలవాలి. నాలుగు టన్నుల మాగిన గత్తంలో సగం తేమ, మిగిలిన రెండు టన్నుల్లో కర్బనం నాలుగో వంతు, అంటే 500 కిలోలు. ఏడాది తిరిగేసరికి అందులో 100, 125 కిలోలు మిగిలితే గొప్పే. ఏటా వేస్తేనే తొమ్మిది, పదేళ్ల పని అది. ‘ఒక్క పంటకే కర్బనం పెంచే ద్రావణం’ అని సీసాలమ్మేవాళ్ల దగ్గర ఈ లెక్క అడగండి.

గత్తం దొరకనప్పుడు దగ్గర దారి పచ్చిరొట్ట. మే నెల వానకు జీలుగ ఎకరాకు 10–12 కిలోలు చల్లి, 45 రోజులకు పూత దశలో కలియదున్నండి. నాట్లకు వారం, పది రోజుల ముందు కలిపితే కుళ్లిపోతుంది. కలిపేటప్పుడు పైన చెప్పిన సూపర్‌లో ఒక బస్తా వేస్తే త్వరగా మాగుతుంది. ఇందులోంచే ఎకరాకు 20 కిలోలకు పైగా నత్రజని వస్తుంది కనుక మీరు పెంచాల్సిన 10 కిలోల యూరియా నత్రజని అక్కర్లేదు. సాధారణంగా జరిగే పొరపాటు, కాలువ నీరు రాలేదని ఆగి ఆగి కాయ పట్టాక దున్నడం. అప్పటికి కాడ కట్టెబారుతుంది, దమ్ములో తేలుతూ నాట్లవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటుంది. నీరు ఆలస్యమైతే వానకు తడిసిన నేలలోనే కోసి కప్పేయండి.

ప్రశ్న: వరి, తర్వాత మొక్కజొన్న. ఇలా చాలా ఏళ్లుగా చేస్తున్నాం. యూరియా పెంచుతున్నా మొక్కజొన్న దిగుబడి పెరగడం లేదు. పశువులు లేవు, వరి మిషన్‌తో కోయిస్తాం, గడ్డి తగలబెడతాం. ఏం చేయాలి?
– రైతు, రాజాం

జవాబు: తగలబెట్టే గడ్డిలోనే మీ జవాబు సగం ఉంది. టన్ను వరిగడ్డిలో 5–8 కిలోల నత్రజని, 12–17 కిలోల పొటాషియం ఉంటాయి. ఎకరాకు రెండున్నర టన్నుల గడ్డి అంటే ఒక బస్తాకు పైగా పొటాష్ ఎరువుతో సమానం. కాల్చితే నత్రజని, కర్బనం దాదాపు మొత్తం గాలిలో కలుస్తాయి. పొటాష్ బూడిదలో మిగిలినా, మిషన్ గడ్డిని వరుసలుగా పోస్తుంది కదా, ఆ వరుసల కిందే ఉండిపోతుంది. మొక్కజొన్న ఒక చాలు ముదురాకుపచ్చగా, పక్క చాలు పాలిపోయి కనిపిస్తే కారణం అదే కావచ్చు. ముదురాకుల అంచులు కిందనుంచి ఎండుతూ వస్తుంటే పొటాష్ లోపమే, దానికి యూరియా మందు కాదు.

గడ్డిని మల్చర్‌తో ముక్కలు చేయించి నేల మీదే వదిలి, చాళ్ల మధ్య కప్పుగా ఉంచండి. మట్టిలో కలిపితే మాత్రం ఎకరాకు 20 కిలోల యూరియా అదనంగా వేయాలి. గడ్డిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని తినే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాక్కుని, రెండు మూడు వారాలు పంటను పసుపు పచ్చగా నిలబెడతాయి. గడ్డి కలిపిన మొదటి ఏడాదే ‘ఇది మనకు పనికిరాదు’ అని చాలామంది వదిలేసేది ఇక్కడే.

రెండోది, ఏటా దమ్ము చేసిన మడిలో జానెడు లోతున గట్టి పొర పడుతుంది. తడి నేలలో ఇనుప చువ్వ గుచ్చి చూడండి, ఒకచోట ఠక్కున ఆగిపోతుంది. మొక్కజొన్న మొక్క ఒకటి తవ్వి తీస్తే వేళ్లు ఆ పొర దగ్గర పక్కకు తిరిగి, నేలకు సమాంతరంగా పరుచుకుని ఉంటాయి. వరికి ఆ పొర నీరు నిలిపి మేలు చేస్తుంది, కాబట్టి అన్ని మడుల్లోనూ పగలగొట్టించకండి. ఆరుతడికే వాడదలచిన చెక్కలో మాత్రం వేసవిలో ఆ పొరను చీల్చే ఛిజిల్ నాగలి వేయించండి.

మూడోది, మూడేళ్లలో ఒక ఏడైనా మొక్కజొన్న మాని మినుము గానీ పెసర గానీ వేయండి. పాత పద్ధతిలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు ఎకరాకు 16–18 కిలోల మినుము చల్లేవారు. మిషన్ కోతైతే చక్రాల కింద మొలక నలిగిపోతుంది. కోత అయ్యాక, పదును ఆరకముందే విత్తండి. డిసెంబరు సగం దాటితే దిగుబడి పడిపోతుంది. విత్తనానికి రైజోబియం (గాలిలోని నత్రజనిని పంటకు పట్టి ఇచ్చే సూక్ష్మజీవి) 200 గ్రాముల పొట్లం బెల్లం నీళ్లతో పట్టించి నీడలో ఆరనివ్వండి. పల్లాకు తెగులు వచ్చిన మొక్క కనిపిస్తే పీకేయాలి, దాన్ని మోసేది తెల్లదోమ.

ప్రశ్న: చెరువు మట్టి తోలిస్తే మెట్ట పొలం బాగవుతుందా? ఎన్ని ట్రాక్టర్లు కావాలి?
– గజపతినగరం

జవాబు: ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేలైతే బాగవుతుంది, బంకనేలకు దండగ. ఎకరం మీద ఒక సెంటీమీటరు మందం పరవాలంటే 40 ఘనపు మీటర్లు, సుమారు 13–14 ట్రాక్టర్లు. తోలేముందు గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి గిలకొట్టి ఉంచండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, బంక మర్నాటిదాకా పేరుతూనే ఉంటుంది. పైన బంక పొర మందంగా ఉంటేనే తోలించండి. ఎండిన చెరువులో తెల్లటి పొర కట్టిన చోటు మట్టి ఉప్పుది, వద్దు. ఏప్రిల్, మే నెలల్లో పరిచి వదిలేస్తే తొలి వానకు గడ్డలు విరిగిపోతాయి. చెరువు గట్టు మొదట్లో గోతులు తవ్వించకండి, అనుమతి లేకుండా అసలే వద్దు.

ప్రశ్న: చోడి అంబలి మా పిల్లలు తాగడం లేదు. బియ్యం ఉండగా చోళ్లు (రాగులు) వేయడం అవసరమా?
– గృహిణి, బొబ్బిలి

జవాబు: వంద గ్రాముల చోళ్లలో సున్నం (కాల్షియం) 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, తెల్లబియ్యంలో పదికి అటూ ఇటూ. మెట్ట గరువులో, వరికి చాలని వానతో పండుతాయి. ఎకరానికి 2 కిలోల విత్తనంతో నారు పోసి, మూడు నాలుగు వారాల నారు నాటించండి. విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాల్లో శ్రీచైతన్య మామూలు రంగుది, ‘హిమ’ తెల్ల గింజ. నల్లటి అంబలి వద్దనే పిల్లలకు హిమ పిండితో రొట్టె గానీ దోసె గానీ చేసి పెట్టి చూడండి.