థార్ చెంత నిలిచిన నర్సు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: విశాఖపట్నంలో స్టాఫ్ నర్సుగా చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. మా మనవడు తెచ్చిన, ఉరుముల దేవుడు థార్ కథల కామిక్స్ సంపుటాలు తిరగేస్తుంటే పాత కథల్లో జేన్ ఫాస్టర్ అనే నర్సు కనిపించింది. డాక్టరుగారిని తలుచుకుని నిట్టూర్చడం, దుష్టుల చేతికి చిక్కడం, థార్ వచ్చి విడిపించడం తప్ప ఆమెకు వేరే పని ఉన్నట్టు లేదు. తరువాతి సంపుటంలో జేన్ ఫాస్టరే సుత్తి పట్టి థార్ అయిందని ఉంది. ఇద్దరూ ఒకరేనా? దేవుడి కథలో ఈ మానవకాంతకు ఇచ్చిన పాత్ర ఏమిటి?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ఒకరేనమ్మా. 1962 సెప్టెంబరు నాటి ‘జర్నీ ఇంటు మిస్టరీ’ 84వ సంచికలో స్టాన్ లీ, లారీ లీబర్, జాక్ కర్బీలు ఆమెను తొలిసారి ప్రవేశపెట్టారు. అప్పుడు ఆమె ఇంటిపేరు నెల్సన్. కొద్ది సంచికలకే ఫాస్టర్ అయింది. నాయిక ఇంటిపేరు గుర్తుపెట్టుకునే తీరిక కూడా ఆనాటి రచయితలకు లేదేమో! కుంటుతూ నడిచే డాక్టర్ డొనాల్డ్ బ్లేక్ తన చేతికర్రతో నేల మీద కొట్టగానే థార్‌గా మారతాడు, కర్ర సుత్తిగా మారుతుంది. జేన్ ఆ డాక్టరు దగ్గర నర్సు. ఆయనకు ఆమె మీద ప్రేమ ఉన్నా చెప్పలేడు, ఆమెకూ ఆయన మీద మనసున్నా పైకి అనదు. కాబట్టి నిట్టూర్పుల గురించి మీ ఫిర్యాదు న్యాయమైనదే.

అయితే ఆ నిట్టూర్పుల వెనుక కథను నడిపించిన తగువు ఒకటుంది. మానవకాంతను కోడలిగా ఒప్పుకోనని థార్ తండ్రి, దేవతల రాజు ఓడిన్ పట్టుబడతాడు, ఆమెను విడిచి రానని కొడుకు మొండికేస్తాడు. మన పురాణాల్లో ఊర్వశి పురూరవుణ్ణి వరించినా, గంగ శంతనుణ్ణి పెళ్లాడినా షరతు పెట్టేది దేవతే, ఆ షరతు తప్పినప్పుడు విడిచి వెళ్లేదీ దేవతే. ఇక్కడ షరతు పెట్టేది కాబోయే మామగారు; పరీక్షకు నిలబడవలసింది మాత్రం ఏ దివ్యశక్తీ లేని మనిషి.

ఆ పరీక్ష 1967 జనవరి నాటి ‘థార్’ 136వ సంచికలో జరిగింది. ఓడిన్ జేన్‌కు దైవశక్తులు ప్రసాదిస్తాడు. గాలిలోకి లేచేసరికి ఆమె బెదిరిపోతుంది. ఆ తరువాత ఆమెను ఒక భయంకర జీవితో ఒకే చోట వదులుతారు, ఆమె జడుసుకుంటుంది, థార్ వచ్చి కాపాడతాడు. దేవలోకానికి నువ్వు తగవంటూ ఓడిన్ శక్తులు వెనక్కి తీసుకుని, జ్ఞాపకాలు కూడా తుడిచివేసి ఆమెను భూమికి పంపేస్తాడు. సంచిక ముగిసేలోపే ఆమెకు బ్లేక్‌ను పోలిన మరో డాక్టరు, థార్‌కు సిఫ్ అనే దేవకన్య ఎదురవుతారు. అక్కడి కూర్పు ఎంత చాకచక్యంగా ఉన్నా, ఇది అన్యాయమైన కథ అనే నా అభిప్రాయం. ఏ తర్ఫీదూ ఇవ్వకుండా తొలిరోజే నైట్ డ్యూటీలో ఒంటరిగా వదిలేసి, కంగారుపడింది కాబట్టి ఈ అమ్మాయి నర్సు పనికి తగదని తేల్చేస్తే మీరు ఒప్పుకునేవారా?

తరువాతి దశాబ్దాల్లో జేన్ తిరిగి కథలోకి వచ్చింది, చదువుకుని డాక్టరైంది. 2013లో రచయిత జేసన్ ఆరన్ ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చినట్టు చూపించాడు. మంత్రవైద్యం చేయిస్తానని థార్ బతిమాలినా ఆమె వద్దంది. అర్హులు మాత్రమే ఎత్తగల తన సుత్తిని ఎత్తే అర్హత 2014లో థార్ కోల్పోగా, ముసుగు వేసుకున్న ఒక స్త్రీ దాన్ని ఎత్తింది. చిత్రకారుడు రసెల్ డాటర్‌మన్. ఆ ముసుగు వెనుక ఉన్నది జేన్ అని 2015లో, ఆ వరుస ఎనిమిదో సంచికలో తెలిసింది.

మీవంటి వృత్తివారు ఆగి చదవవలసింది ఇక్కడే. సుత్తి ఎత్తగానే ఆమె దేహం దేవతాదేహం అవుతుంది, ఆ మార్పులో సుత్తి మహిమ ఒంట్లోని విషాన్నంతా కడిగివేస్తుంది. దాని లెక్కలో విషమంటే క్యాన్సర్‌కు ఎక్కించే కీమో మందు. క్యాన్సర్ కణాలు ఆమె సొంత శరీరానివే కాబట్టి వాటి జోలికి పోదు. కీమోను రెండు మూడు వారాల ఎడంతో సైకిళ్లుగా ఎందుకు ఇస్తారో, ఒక్క సైకిల్ తప్పినా డాక్టర్లు ఎంత కంగారుపడతారో మీకు నేను చెప్పనక్కరలేదు. జేన్ లోకాన్ని కాపాడిన ప్రతిసారీ అప్పటిదాకా ఎక్కించిన మందంతా వృథా అవుతుంది. సుత్తి దించేసరికి ఆమె తలకు గుడ్డ కట్టుకుని, మంచం పట్టుకుని లేచే రోగిగానే మిగులుతుంది. మన అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రిలో ఇంటివాళ్లకు తోడుగా కూర్చున్నవారు ఈ పుటలను వేగంగా తిప్పలేరు. మనిషి కావడమే 1967లో ఆమె అనర్హత. ఆరన్ ఆ మర్త్యత్వాన్ని అలాగే ఉంచి, దాన్నే ఆమె చెల్లించే మూల్యంగా మార్చాడు. చావు లేని థార్ సుత్తి ఎత్తడానికి ఎన్నడూ అంత ఇవ్వవలసి రాలేదు.

మరొక్కసారి మారితే ప్రాణం పోతుందని తోటివారు హెచ్చరించినా, 2018లో ‘ద మైటీ థార్’ 705వ సంచికలో మాంగాగ్ అనే రాక్షసుణ్ణి సుత్తికి కట్టి, సుత్తితో సహా సూర్యుడిలోకి విసిరి ఆమె మరణిస్తుంది. 706లో ఆమెను బతికించడానికి కొడుకుతో చేయి కలిపినవాడు, ఒకనాడు ఆమెను తగవన్న ఓడినే. ఆపై ఆమె వెళ్లేది పట్టాభిషేకానికి కాదు, మళ్లీ కీమోకు.

ప్రశ్న: ప్రేమిక పాత్ర అంటే చివరికి చావడానికేనా? స్పైడర్‌మన్‌లో గ్వెన్ స్టేసీని చూశాక అలాగే అనిపిస్తోంది. జేన్ కథ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: 1973 జూన్ నాటి ‘ది అమేజింగ్ స్పైడర్‌మన్’ 121వ సంచికలో గ్వెన్ చనిపోయింది, రాసినవాడు గెర్రీ కాన్వే, గీసినవాడు గిల్ కేన్. వంతెన మీద నుంచి పడుతున్న ఆమెను స్పైడర్‌మన్ సాలెదారంతో పట్టుకున్న క్షణాన, మెడ పక్కన, అది విరిగిన చప్పుడుగా ఒక చిన్న మాట మాత్రమే వేశారు. ఆ పుట గొప్పదే. కానీ ఆ మరణంలో ఆమె నిర్ణయమంటూ ఏమీ లేదు. దుఃఖమంతా నాయకుడిది, కథ కూడా అతనిదే. జేన్ తెలిసి తెలిసి సుత్తి ఎత్తింది. ఈ రెంటినీ ఒకే లెక్కలో వేయవద్దు.

చావకుండానే నిలిచినవారూ ఉన్నారు. 1938 జూన్‌లో సూపర్‌మన్ తొలికథలోనే లోయిస్ లేన్ ఒక రౌడీని చెంపమీద కొట్టి, పక్కన నోరెత్తని క్లార్క్‌ను (మారువేషంలో ఉన్న సూపర్‌మనే) పిరికివాడా అని కడిగేసి వెళ్లిపోతుంది. చేతిలో విలేఖరి ఉద్యోగం ఉంది కాబట్టి రచయితలు మారినా ఆమెకు చేయడానికి పని ఉంటూనే వచ్చింది. సూపర్‌మన్‌తో పెళ్లి 1996 దాకా ఆగింది.

మొదట 2014 నాటి ‘థార్’ ఒకటి నుంచి ఎనిమిది సంచికలు చదవండి. అక్కడ ఆగి 1967 నాటి 136వ సంచిక చూడండి, ఒకనాడు ఓడిన్ ఆమెను ఎలా తగవన్నాడో అర్థమవుతుంది. ఆపైన 2015లో మొదలైన ‘ద మైటీ థార్’ను 706 దాకా వరుసగా చదవండి. 23వ సంచిక తరువాత పాత వరుస కలిపి 700 అని అంకె వేశారు కాబట్టి, మధ్యలో పుస్తకాలు పోయాయని కంగారుపడకండి.