సుడి తిరగని ఫేజర్

ప్రశ్న: గిటార్ సౌండ్‌ను సుడిలా తిప్పే నాలుగు స్టేజీల ఫేజర్ పెడల్ ఇంట్లోనే కట్టాను. గిటార్ సౌండ్ వస్తోంది, కానీ ఆ సుడి తిరగడం లేదు. ఐసీ పోయిందా సార్?
– ఓ పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: సౌండ్ వస్తోందిగా, ఇప్పుడే ఐసీ జోలికి పోకండి. ముందు తీగ మీటుతూ బయాస్ ట్రిమ్‌పాట్‌ను (బోర్డు మీద వోల్టేజీ సరిచేసే బుల్లి స్క్రూ) చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. సుడి పలికే చోటు చాలా ఇరుకు, తొందరపడితే దాటిపోతారు. అప్పటికీ పలక్కపోతే నా అనుమానం జేఫెట్లనే ఒక రకం ట్రాన్సిస్టర్ల మీదే. ఆ నాలుగూ గేటు (కంట్రోల్ చేసే కాలు) వోల్టేజీని బట్టి మారే రెసిస్టర్లలా పనిచేస్తాయి. వాటి పించ్-ఆఫ్ వోల్టేజీలు, అంటే కరెంటు ఆగిపోయే గేటు వోల్టేజీలు, కలవకపోతే ఎఫెక్ట్ నీరసపడుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఓ డజను కొని, కొలిచి, కలిసిన నాలుగూ ఏరుకోండి. కాళ్ల వరస జేఫెట్ నంబరును బట్టి మారుతుంది, టంకం పెట్టేముందు డేటాషీట్ చూడండి.